క్రీ.శ. 69: రోమ్‌లో ఒకే ఏడాది నలుగురు చక్రవర్తులు ఎలా వచ్చారు?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. క్రీ.శ. 69లో రోమ్‌కు ఒకే ఏడాది నలుగురు చక్రవర్తులు ఎలా వచ్చారు, అది ఉత్త పదవీ వ్యామోహమేనా అన్నది ఒకటి. అంత రక్తపాతం జరిగినా సామ్రాజ్యం ముక్కలు కాకుండా ఎలా నిలబడింది అన్నది రెండోది. చాలా ఏళ్ళుగా ఈ కాలం గురించి చదువుతూ, పిల్లలకు పాఠం చెబుతూ ఉన్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. పేర్లు ఎక్కువ వస్తాయి, ఓపిక పట్టండి.

పాఠ్యపుస్తకాల్లో గాల్బా, ఒథో, విటెల్లియస్, వెస్పాసియన్ అని వరసగా నాలుగు పేర్లు ఇచ్చి వదిలేస్తారు. ఆ నలుగురినే చూస్తూ కూర్చుంటే ఆ ఏడాది అర్థం కాదు. ఎవరి వెనక ఏ సైన్యం ఉందో చూడాలి. గాల్బా వెనక స్పెయిన్. ఒథో వెనక రోమ్ నగరంలోనే ఉండే చక్రవర్తి అంగరక్షక దళం, ప్రిటోరియన్ గార్డు. విటెల్లియస్ వెనక రైన్ నది సైన్యం. వెస్పాసియన్ వెనక తూర్పు సైన్యం, దానికి తోడు డాన్యూబ్ సైన్యం. పదవీ వ్యామోహం రోమన్ పెద్దలకు ఎప్పుడూ ఉన్నదే, 69లో కొత్తగా పుట్టలేదు. మా మనిషిని మేమే గద్దె ఎక్కించగలం అని ప్రతి సైన్యానికీ తెలిసిపోవడమే ఆ ఏడాది కొత్త.

అది తెలిసింది అంతకు ముందు ఏడాది, చక్రవర్తి నీరో పతనంతో. అతని మీద మొదట తిరగబడింది, నేటి ఫ్రాన్స్ అయిన గాల్‌లో ఒక ప్రాంతానికి గవర్నర్‌గా ఉన్న విండెక్స్. అతని దగ్గర లీజియన్లు, అంటే రోమన్ పెద్ద సైనిక దళాలు, లేవు, రైన్ సైన్యం దిగివచ్చి వెసాంటియో దగ్గర అతన్ని నలిపేసింది. కానీ అప్పటికే అతను స్పెయిన్‌లో గవర్నర్‌గా ఉన్న గాల్బాను ముగ్గులోకి దింపాడు. 68 జూన్‌లో రోమ్‌లోని గార్డు కూడా నీరోను వదిలేసింది, రోమన్ పెద్దల సభ సెనేట్ అతన్ని ప్రజాశత్రువుగా ప్రకటించింది, నీరో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆగస్టస్ నుంచి 90 ఏళ్ళకు పైగా నడిచిన వంశం అక్కడితో సరి. స్పెయిన్‌లో ఉన్న మనిషి రోమ్‌లో అడుగుపెట్టకుండానే చక్రవర్తి అయిపోయాడు. చక్రవర్తిని రోమ్ బయట కూడా తయారుచేయొచ్చనే రహస్యం అప్పుడు బయటపడిందని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఈ ఏడాది గురించి ఎవరు ఏం రాసినా ఆ వాక్యం దగ్గరికి రాక తప్పదు.

గాల్బా అప్పటికే 70 దాటిన ముసలాయన. పెద్ద వంశం, క్రమశిక్షణ, పిసినారితనం. గార్డు అధిపతి నింఫిడియస్ ఆయన పేరు మీద ఒక్కో గార్డు సైనికుడికి 30,000 సెస్టెర్సులు (రోమన్ నాణేలు) ఇస్తామని మాట ఇచ్చేశాడు. మామూలు లీజియన్ సైనికుడి జీతం అప్పట్లో ఏడాదికి 900 సెస్టెర్సులు, లెక్క మీరే వేసుకోండి. అంత సొమ్ము ఇవ్వడం నిజంగానే కష్టం. కానీ గాల్బా ఎంతో కొంత ఇచ్చి సర్దుకోలేదు. "నేను సైనికుల్ని ఎంచుకుంటాను, కొనుక్కోను" అన్నాడు. వినడానికి గొప్ప మాటే. కాకపోతే ఆ సైనికులు నీరోను వదిలిందే ఆ డబ్బు వస్తుందన్న ఆశతో. ఏ కాస్త విదిలించినా వాళ్ళు దారికి వచ్చేవారని టాసిటస్ అభిప్రాయం. నాకూ అలాగే అనిపిస్తుంది.

అంతటితో ఆగితే బాగుండేది. నీరో తన వాళ్ళకు పంచిపెట్టిన 220 కోట్ల సెస్టెర్సుల్లో 10 శాతం వాళ్ళకు వదిలి మిగతాది కక్కించమని 30 మందితో కమిటీ వేశాడు. రోమ్ అంతా వేలాలు, జప్తులు. నీరో ఓడల మీది వాళ్ళను తెచ్చి ఒక లీజియన్‌గా కూర్చాడు. గాల్బా నగరంలోకి వస్తుంటే మా సంగతి ఏమిటని వాళ్ళు దారిలో అడ్డం పడ్డారు. గుర్రపు దళాన్ని వాళ్ళ మీదికి తోలించాడు, చాలామంది చచ్చారు. మిగిలినవాళ్ళు ఆ లీజియన్‌లోనే కొనసాగారు. వీళ్ళను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తారు.

ఇప్పుడు 69 జనవరి 1కి వద్దాం. ఏటా ఆ రోజు సైనికులంతా చక్రవర్తికి విధేయులమని ప్రమాణం చేయాలి. రైన్ తీరంలో మొత్తం 7 లీజియన్లు ఉన్నాయి, సామ్రాజ్యంలో అంత బలమైన సైన్యం ఇంకోటి లేదు. వాళ్ళ కడుపుమంట ఏమిటంటే, విండెక్స్‌ను ఓడించింది తాము. కానీ గాల్బా గద్దె ఎక్కాక విండెక్స్ పక్షాన నిలిచిన గాల్ పట్టణాలకు పన్నులు తగ్గాయి, తమ వైపున్న పట్టణాలకు శిక్షలు పడ్డాయి, తమకు ఇష్టమైన సేనాని వెర్జీనియస్‌ను గౌరవం పేరుతో రోమ్‌కు పిలిపించి పక్కన కూర్చోబెట్టారు. అతని స్థానంలో వచ్చినవాడు కీళ్ళవాతంతో నడవలేని ముసలివాడు. ఆ జనవరి 1న మైన్జ్‌లో ఉన్న 2 లీజియన్లు ప్రమాణం చేయకుండా గాల్బా ప్రతిమలను విరగ్గొట్టాయి. మరుసటి రోజే కొలోన్‌లో ఉన్న గవర్నర్ విటెల్లియస్‌ను చక్రవర్తిగా జేకొట్టారు.

ఈ విటెల్లియస్ అక్కడికి వచ్చి నెల రోజులే అయింది. తిండి యావ ఉన్నవాడి వల్ల భయం ఉండదని గాల్బాయే ఏరికోరి పంపాడట. ప్రయాణపు ఖర్చులకు డబ్బు లేక తల్లి చెవి ముత్యాన్ని తాకట్టు పెట్టి బయల్దేరాడని, దారిలో కనిపించిన ప్రతి సైనికుడినీ ముద్దు పెట్టుకుని, సత్రాల్లో కంచరగాడిదలు తోలేవాళ్ళను "టిఫిన్ అయిందా?" అని పలకరించి, తనకైతే అయిందని తేన్చి చూపించేవాడని ఇంకో చరిత్రకారుడు స్యుటోనియస్ రాశాడు. చక్రవర్తి అయ్యేంత తెలివి, పట్టుదల ఈయనకు ఉన్నట్టు ఎక్కడా కనపడదు. సైన్యానికి ఒక పేరు కావాల్సి వచ్చింది, అందుబాటులో ఈయన ఉన్నాడు. పని నడిపింది వాలెన్స్, కైకినా అనే ఇద్దరు కమాండర్లు.

మైన్జ్ వార్త రోమ్‌కు చేరగానే గాల్బా కంగారుపడి జనవరి 10న పీసో అనే 30 ఏళ్ళ కులీనుణ్ణి దత్తత తీసుకున్నాడు. వారసుడు ఉంటే గొడవ సద్దుమణుగుతుందని ఆయన లెక్క. గార్డు శిబిరానికి వెళ్ళి ఆ సంగతి ప్రకటించాడు కానీ డబ్బు ఊసు మళ్ళీ ఎత్తలేదు. అటు, గాల్బాను మొదటి నుంచీ బలపరుస్తూ, ఆ దత్తత తనకే వస్తుందని ఆశపడ్డ ఒథో భగ్గుమన్నాడు. ఒకప్పుడు నీరో జిగిరీ దోస్తు, తర్వాత తన భార్య పొపయాను నీరో లాక్కుంటే లుసిటేనియాకు (నేటి పోర్చుగల్ వైపు) గవర్నర్‌గా వెళ్ళినవాడు. ఒళ్ళంతా అప్పులు. యుద్ధంలో శత్రువు చేతిలో చచ్చినా, నగరం నడిబొడ్డున ఉన్న చౌకు, ఫోరంలో అప్పులవాళ్ళ చేతిలో చచ్చినా తనకు ఒకటేనని బాహాటంగానే అనేవాడు.

జనవరి 15 ఉదయం గాల్బా పాలటైన్ కొండ మీద అపోలో గుడి ముందు బలి ఇస్తున్నాడు. బలిపశువు పేగులు చూసిన పూజారి, కుట్ర దగ్గర్లోనే ఉంది, శత్రువు ఇంట్లోనే ఉన్నాడు అన్నాడు. ఒథో ఆ పక్కనే నిలబడి వింటున్నాడు. ఇంతలో అతని మనిషి ఒకడు వచ్చి, ఇల్లు కట్టే మేస్త్రి, కాంట్రాక్టర్లు ఎదురుచూస్తున్నారని చెప్పాడు. పాత ఇల్లు ఒకటి కొంటున్నాను, గట్టిగా ఉందో లేదో చూసుకోవాలి కదా అని చెప్పి ఒథో అక్కణ్ణుంచి జారుకున్నాడు. ఫోరంలో సాటర్న్ దేవుడి గుడి దగ్గర, బంగారు మైలురాయి పక్కన అతని కోసం నిలబడ్డ సైనికులు 23 మంది. అంత తక్కువ మందిని చూసి ఒథోకే టెన్షన్ పట్టుకుంది. వాళ్ళు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుంటూ గార్డు శిబిరానికి తీసుకెళ్ళారు. దారిలో ఇంకొందరు కలిశారు. శిబిరంలో ఎవరూ అడ్డు చెప్పలేదు. కొన్ని గంటల్లో గాల్బా ఫోరం మధ్యలో పల్లకీ నుంచి కిందపడి హతమయ్యాడు. పీసో వెస్టా గుడిలో దాక్కుంటే లాక్కొచ్చి గుమ్మంలోనే చంపారు, అతని యువరాజరికం మూన్నాళ్ళ ముచ్చటే అయింది. ఆ రోజు హత్యల్లో మా చేయి ఉంది, బహుమానం ఇవ్వండి అంటూ పెట్టుకున్న అర్జీలు 120కి పైగా తర్వాత విటెల్లియస్ చేతికి దొరికాయి. వాళ్ళందరినీ వెతికి చంపించాడు. గాల్బా మీద ప్రేమతో కాదు, చక్రవర్తిని చంపినవాణ్ణి ఏ చక్రవర్తీ బతకనివ్వడు.

ఒథో గద్దె ఎక్కేనాటికే రైన్ సైన్యం కదిలింది. వాలెన్స్ 40,000 మందితో గాల్ మీదుగా, కైకినా 30,000 మందితో మంచు ఇంకా కరగని ఆల్ప్స్ మీదుగా ఇటలీలోకి దిగారు. డాన్యూబ్ లీజియన్లు మన వైపే ఉన్నాయి, అవి వచ్చేదాకా ఆగుదాం అని బ్రిటన్‌లో బౌడికా తిరుగుబాటును అణచిన సేనాని పౌలినస్ సలహా ఇచ్చాడు. ఒథో ఆగలేదు. ఏప్రిల్ 14న క్రెమోనా దగ్గర బెడ్రియాకం యుద్ధం జరిగింది. ఇందాక చెప్పిన ఓడల లీజియన్ ఇందులో ఒథో తరఫున దిగింది. అది వాళ్ళకు మొట్టమొదటి యుద్ధం. అయినా విటెల్లియస్ పక్షపు 21వ లీజియన్ రపాక్స్ మీద పడి దాని డేగ పతాకాన్ని గుంజుకున్నారు. చివరికి గెలిచింది మాత్రం విటెల్లియస్ పక్షమే.

ఒథో దగ్గర ఇంకా బలగం ఉంది, గార్డు పోరాడదామని కాళ్ళావేళ్ళా పడింది. తన ఒక్కడి కోసం ఇంతమంది చావడం వద్దని చెప్పి, ఇతరులకు ప్రమాదం తెచ్చే ఉత్తరాలన్నీ కాల్చేసి, నౌకర్లకు డబ్బు పంచి, దిండు కింద బాకు పెట్టుకుని పడుకున్నాడు. ఏప్రిల్ 16 తెల్లవారుజామున పొడుచుకున్నాడు. స్యుటోనియస్ తండ్రి ఆ యుద్ధంలో ఒథో పక్షాన అధికారి, అంతర్యుద్ధమంటే ఒథోకు అసహ్యమని ఆయనే కొడుకుకు చెప్పాడు. మూడు నెలల ముందు ముసలాయన్ని చంపించి గద్దె ఎక్కినవాడే ఇలా పోయాడు. రోమన్లు అతని చావును మెచ్చుకున్నారు, జీవితాన్ని కాదు.

విటెల్లియస్ విందుల గురించి మీరు చదివే ఉంటారు. తమ్ముడు ఇచ్చిన ఒక్క విందులో 2,000 చేపలు, 7,000 పక్షులు అని, నెమలి మెదళ్ళు, ఫ్లెమింగో నాలుకలు కలిపి ఒక పెద్ద పళ్ళెం అని. కొద్ది నెలల్లో 90 కోట్ల సెస్టెర్సులు ఊదేశాడంటారు. అతని గురించి రాసినవాళ్ళంతా అతన్ని కూల్చిన వంశం నీడలో పెరిగినవాళ్ళు కాబట్టి ఈ అంకెల్ని కొంచెం తగ్గించి చదువుకోవచ్చు. అసలు తప్పులు వంటింట్లో జరగలేదు. ఒథో పక్షాన గట్టిగా నిలిచిన డాన్యూబ్ సెంచూరియన్లను (దళాధికారులను) చంపించాడు. పాత గార్డును రద్దు చేసి తన రైన్ సైనికులతో కొత్త గార్డు పెట్టుకున్నాడు, ఉద్యోగాలు పోయినవాళ్ళంతా శత్రువు పంచన చేరారు. ఓడిన 13వ లీజియన్‌తో క్రెమోనాలో ఆంఫీథియేటర్ కట్టించాడు. మట్టి మోస్తున్న సైనికుల్ని చూసి ఊరి జనం ఎగతాళి చేశారు.

ఇక వెస్పాసియన్. 59 ఏళ్ళు. ఆసియా ప్రాంతంలో పన్నులు వసూలు చేసిన తండ్రికి కొడుకు. నీరో పాట కచేరీలో నిద్రపోయి అతని ఆగ్రహానికి గురయ్యాడు, అయినా జుడియాలో యూదుల తిరుగుబాటు తీవ్రం కావడంతో అతన్నే పంపారు. గొప్ప వంశం కాదు కాబట్టి పెద్ద సైన్యం ఇచ్చినా ఫరవాలేదనుకున్నారు. విటెల్లియస్ గెలిచాడని తెలిసినప్పుడు తన సైనికుల చేత అతనికే ప్రమాణం చేయించాడు. వాళ్ళు నోరు మెదపకుండా నిలబడ్డారు. సిరియా గవర్నర్ మూకియానస్‌కు అతనికి అంతకు ముందు పడేది కాదు, ఇప్పుడు చేయి కలిపాడు. జులై 1న అలెగ్జాండ్రియాలో ఈజిప్టు పాలకుడు టైబీరియస్ అలెగ్జాండర్ తన 2 లీజియన్ల చేత వెస్పాసియన్ పేరు మీద ప్రమాణం చేయించాడు. రెండు రోజులకు జుడియా, నెల సగం తిరక్కుండానే సిరియా. ఈజిప్టు చేతిలో ఉంటే రోమ్ తిండిగింజలు చేతిలో ఉన్నట్టే. మన దేశం నుంచి వెళ్ళే మిరియాలు, బట్టల మీద వసూలయ్యే సుంకం డబ్బు కూడా అక్కడిదే. అందుకే వెస్పాసియన్ అలెగ్జాండ్రియాకు వెళ్ళి కూర్చున్నాడు, మూకియానస్ సైన్యంతో ఇటలీకి బయల్దేరాడు.

మూకియానస్ రాకముందే పని పూర్తిచేసినవాడు డాన్యూబ్ సైన్యంలోని ఆంటోనియస్ ప్రైమస్. నీరో కాలంలో దొంగ వీలునామా కేసులో శిక్ష పడ్డ మనిషి, కానీ యుద్ధంలో పులి. ఆగమని ఆజ్ఞ వచ్చినా ఆగకుండా ఇటలీలో దిగాడు. విటెల్లియస్ సేనాని కైకినా పార్టీ మారబోతే అతని సైనికులే గొలుసులేసి కట్టేశారు. సైన్యాలే నాయకుల్ని నడిపాయని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అక్టోబర్ 24 రాత్రంతా మళ్ళీ ఆ క్రెమోనా పొలాల్లోనే యుద్ధం. రెండు వైపులా అవే ఆయుధాలు, అదే భాష. సంకేతపదాన్ని అడిగీ అడిగీ రెండు పక్షాలకూ తెలిసిపోయింది. విటెల్లియస్ వైపున్న పెద్ద రాళ్ళ యంత్రాన్ని ఆపడానికి ఇద్దరు సైనికులు చచ్చిన శత్రువుల డాళ్ళు పట్టుకుని వెళ్ళి తాళ్ళు కోసేశారు. ఇద్దరూ అక్కడే చచ్చారు, పేర్లు కూడా మిగల్లేదు. రపాక్స్ లీజియన్‌లో ఉన్న మాన్సూటస్ అనే స్పెయిన్ వాణ్ణి ఎదుటి లీజియన్‌లోని కుర్రాడు పొడిచి పడగొట్టి, ఒళ్ళు వెతుకుతుంటే ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టారు. వాళ్ళు తండ్రీ కొడుకులు. తండ్రి ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు ఆ పిల్లవాడు చిన్నవాడు, పెద్దయ్యాక గాల్బా చేర్చుకున్న లీజియన్‌లో చేరాడు. ఏడుస్తూ గొయ్యి తవ్వుతున్న అతన్ని చూసి చుట్టుపక్కల వాళ్ళు యుద్ధాన్ని తిట్టారు. తిడుతూనే చచ్చినవాళ్ళ ఒళ్ళు దోచుకోవడం మానలేదని కూడా టాసిటస్ రాశాడు. తెల్లవారుతుండగా సిరియాలో పనిచేసి వచ్చిన 3వ లీజియన్ అక్కడి అలవాటు ప్రకారం ఉదయిస్తున్న సూర్యుడికి నమస్కరించింది. మూకియానస్ సైన్యం వచ్చేసింది, దానికే ఆ వందనం అనే పుకారు పాకింది. విటెల్లియస్ పక్షం కూలిపోయింది.

తర్వాత క్రెమోనాను 4 రోజులు దోచి తగలబెట్టారు. ఊళ్ళో తిరునాళ్ళ కోసం వచ్చిన వ్యాపారుల సరుకు కూడా పోయింది. ఆ గుంపులో 13వ లీజియన్ కూడా ఉంది, ఆంఫీథియేటర్ కట్టినప్పటి ఎగతాళిని వాళ్ళు మర్చిపోలేదు.

డిసెంబర్ 18న విటెల్లియస్ నిజంగానే గద్దె దిగిపోదామనుకున్నాడు. రోమ్ నగరాధికారిగా ఉన్న వెస్పాసియన్ అన్న సబైనస్‌తో ఒప్పందం కూడా కుదిరింది. నల్లబట్టలు కట్టుకుని, చిన్న కొడుకును పల్లకీలో ఎక్కించి ఫోరంకు వచ్చి అధికారానికి గుర్తుగా ఉన్న బాకు తీసి ఇవ్వబోతే తీసుకునేవాడు లేడు. జనం, సైనికులు దారి కట్టేసి వెనక్కి పంపారు. మరునాడు వాళ్ళే సబైనస్‌ను కాపిటోల్ కొండ మీద ముట్టడించారు. ఆ గొడవలో రోమన్లకు అన్నిటికంటే పవిత్రమైన జూపిటర్ గుడి కాలిపోయింది, సబైనస్‌ను చంపేశారు, వెస్పాసియన్ చిన్న కొడుకు డొమిషియన్ ఐసిస్ దేవత భక్తుడి వేషంలో తప్పించుకున్నాడు. డిసెంబర్ 20న ఆంటోనియస్ సైన్యం నగరంలోకి దూసుకొచ్చింది. సాటర్న్ దేవుడి పండగ రోజులవి. వీధుల్లో యుద్ధం జరుగుతుంటే జనం గ్లాడియేటర్ల ఆట చూసినట్టు చప్పట్లు కొట్టారు, పక్క వీధిలో స్నానశాలలు, కల్లు దుకాణాలు మామూలుగా నడిచాయి. విటెల్లియస్‌ను ప్యాలెస్‌లో దాక్కున్నచోటి నుంచి మెడకు తాడేసి లాక్కొచ్చి చంపారు. "ఎంతైనా నేను మీ చక్రవర్తిగా ఉన్నవాణ్ణి" అన్నది అతని చివరి మాట.

ఇక రెండో ప్రశ్న. ఇంత జరిగినా సామ్రాజ్యం ఎందుకు ముక్కలు కాలేదు? కొట్టుకున్నవాళ్ళలో ఎవరికీ వేరే దేశం అక్కర్లేదు, అందుకే. రైన్ సైన్యం జర్మనీని విడగొట్టుకోలేదు, రోమ్ మీదికి వచ్చింది. వెస్పాసియన్ తూర్పు భాగంతో తృప్తిపడలేదు. అందరి చూపూ ఒకే కుర్చీ మీద. గెలిచినవాడికి ఓడిన పక్షపు ప్రాంతాలు వారాల్లో ప్రమాణం చేసేవి, పన్నులు, గింజల ఓడలు కొత్త పేరు మీద నడిచేవి.

నిజమైన చీలిక ఒక్కచోటే వచ్చింది. రైన్ సైన్యం ఇటలీకి తరలిపోవడంతో సరిహద్దు పలచబడింది. రైన్ ముఖద్వారం దగ్గరి బటావియన్ జాతి నాయకుడు సివిలిస్ మొదట వెస్పాసియన్ పక్షాన ఉన్నానంటూనే రోమన్ శిబిరాలను ముట్టడించాడు. 70 మొదట్లో కొందరు గాల్ నాయకులు అతనితో కలిసి ఏకంగా గాల్ సామ్రాజ్యం అని ప్రకటించారు, రోమన్ లీజియన్ల చేత దానికి ప్రమాణం కూడా చేయించారు. అయితే గాల్ జాతులు రీమ్స్‌లో సభ పెట్టుకుని, ఎవరి నాయకత్వంలో పోరాడాలో తేల్చుకోలేక శాంతి వైపే మొగ్గాయి. రోమన్ సేనాని సెరియాలిస్ సైన్యంతో వచ్చి ఆ ఏడాదిలోనే దాన్ని ముగించాడు.

వెస్పాసియన్ ఈ పాఠాన్ని బాగా ఒంటబట్టించుకున్నాడు. సెనేట్ అతనికి అధికారాలు ఇచ్చింది విటెల్లియస్ చనిపోయాక. అతను మాత్రం తన పాలనను అలెగ్జాండ్రియాలో సైనికులు ప్రమాణం చేసిన జులై 1 నుంచే లెక్కపెట్టుకున్నాడు. లొంగిపోయి పరువు పోగొట్టుకున్న రైన్ లీజియన్లను రద్దు చేశాడు. స్థానిక సహాయక దళాలను వాళ్ళ సొంత ప్రాంతాలకు దూరంగా పంపడం మొదలైంది. ఖజానా నింపడానికి మూత్రం మీద కూడా పన్ను వేశాడు. గార్డు అధిపతి పదవిని సాధారణంగా సెనేటర్లకు ఇచ్చేవారు కాదు, వాళ్ళ తర్వాతి అంతస్తు అయిన అశ్విక వర్గం వాళ్ళకే. ఆ ఆనవాయితీని పక్కనపెట్టి, జెరూసలేం గెలిచి వచ్చిన పెద్ద కొడుకు టైటస్‌నే 71లో ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు.